నా పాళీ వంకర తీశారు

నేను ఒక కలాన్ని. ఒకప్పుడు నల్ల కలాన్ని. ఇప్పుడు ఏ రంగులో ఉన్నావని అడక్కండి, ఒళ్లు మండుతుంది. సరే, మీరు అడక్కపోయినా చెబుతాను, చెప్పకపోతే ఈ కోపం నాలోనే గడ్డకట్టేలా ఉంది. పాత చింతపండు రంగులో ఉన్నాను. వెల్వెట్ గుడ్డ పరిచిన పెట్టెలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. పెట్టె మూతకి గాజు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అందులోంచి తొంగిచూసి, “అబ్బ, ఎంత బాగా చేయించారండీ” అని వెళ్తుంటారు. బాగా చేయించారట! నన్ను పాడుచేసి పెట్టెలో పెడితే దానికి మెచ్చుకోలు కూడానా?

నేను పుట్టింది రాజమండ్రిలో, గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఓ ఇరుకు దుకాణంలో. నా ఒంటిని ఎబొనైటు అంటారు. రబ్బరులో గంధకం కలిపి, ఉడికించి గట్టిపరిచిన సరుకు. వీరభద్రాచారి గారు ఆ కడ్డీని లేతుకి బిగించి, కాలితో తొక్కుతూ, ఉలి ఆనించి నన్ను చెక్కారు. ఆయన నోట్లో ఎప్పుడూ పొగాకు ఉండేది, మాట ఎప్పుడూ విసుగ్గా ఉండేది. చెయ్యి మాత్రం నెమ్మది. నాలాంటివాళ్లు ఆ దుకాణంలో చాలామంది పుట్టారు. వాళ్లలో నేనెందుకు వేరయ్యానో చెబుతాను వినండి, ఎందుకంటే నా కథంతా అక్కడే ఉంది.

రామచంద్రపురం నుంచి పేర్రాజు గారని ఓ కాంపౌండరు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్ల పేరు హైమవతి. ఆరో తరగతి. పెన్సిల్ నుంచి కలానికి మారాల్సిన వయసు. ఆ పిల్ల పుర్రచెయ్యిది. ఎడంచేత్తో రాస్తుంటే కొత్త కలం పాళీ కాయితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతోంది. కుడిచేతివాళ్లు కలాన్ని లాక్కుంటూ వెళ్తారు, ఎడంచేతివాళ్లు తోసుకుంటూ వెళ్తారు. తోస్తే మామూలు పాళీ ఊరుకోదు.

“చెయ్యి మార్పించండి పేర్రాజు గారూ. కలాన్ని మార్చడం దేనికండీ?” అన్నారు ఆచారి గారు.

“చెయ్యి ఆ పైవాడిచ్చాడండి. కలం మీరిస్తున్నారు. మార్చడానికి వీలైంది మార్చండి,” అన్నారు పేర్రాజు గారు.

ఆచారి గారు ఏదో గొణుక్కున్నారు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి రాయమన్నారు. ఆ చెయ్యి ఎలా వంగుతోందో, మణికట్టు ఎటు తిరుగుతోందో చూశారు. నా పాళీ కొసన గట్టి లోహపు చుక్క ఒకటి ఉంటుంది, కాయితాన్ని తాకేది అదే. దాన్ని నూనెరాయి మీద ఓ పక్కకి ఏటవాలుగా అరగదీశారు. రాయమన్నారు. మళ్లీ అరగదీశారు. ఇంటినుంచి వచ్చిన క్యారేజీ చల్లారిపోయింది. చివరికి ఆ పిల్ల ‘అ’ రాస్తే పాళీ కిక్కురుమనలేదు. పిల్ల నవ్వింది. ఆచారి గారు నవ్వలేదుగానీ, సన్న ఉలి తీసుకుని నా ఒంటిమీద ‘హైమ’ అని చెక్కారు. చెక్కమని ఎవరూ అడగలేదు.

ఆ వంకర నాకు లోపం కాదండీ. ఆ వంకరే నేను.

ఆ తర్వాత మా ఇద్దరికీ పడ్డ చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. బళ్లో ఓ మాస్టారు ఎడంచేత్తో రాస్తే సరస్వతి అలుగుతుందని చెప్పి, స్కేలు అంచుతో హైమ వేళ్లమీద కొట్టేవాడు. పెళ్లిపందిట్లో కానుకలు రాసుకునే పని ఇస్తే ఓ ముసలావిడ వచ్చి “శుభమా అని పిలిస్తే ఆ చేత్తో రాస్తావేంటే” అని పుస్తకం లాగేసుకుంది. అన్నం తినడానికి, దండం పెట్టడానికి, డబ్బివ్వడానికి కుడిచెయ్యి కావాలంటే సరేనన్నది హైమ. రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ మనుషుల లెక్క నాకు ఎప్పటికీ బోధపడదు. ఇస్త్రీ పెట్టె తోసే చెయ్యి ఏదని ఎవరూ చూడరు, అక్షరం రాసే చెయ్యి ఏదని మాత్రం ఊరంతా చూస్తుంది.

ఆ స్కేలు దెబ్బలు తిన్న పిల్లే టీచరైంది. కోనసీమలో, తర్వాత కాకినాడలో, ఎలిమెంటరీ స్కూళ్లలో పనిచేసింది. తన క్లాసులో ఎడంచేతివాటం పిల్లలుంటే వాళ్లని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టేది, మోచెయ్యి పక్కవాడికి తగలకుండా. తల్లిదండ్రులు వచ్చి “కాస్త కుడిచెయ్యి అలవాటు చెయ్యండి టీచరు గారూ” అంటే, “అలాగేనండి, ముందు మీరు ఎడంచేత్తో ఓ పేజీ రాసి చూపించండి” అనేది. ఆవిడ చేతిరాత ఎంత బావుండేదంటే, మిగతా టీచర్లు బోర్డు మీద సూక్తులు ఆవిడచేతే రాయించుకునేవారు. సుద్దముక్కతో రాసినా ఆ అక్షరాల ఒంపు నా దగ్గర నేర్చుకున్నదే, ఆ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను.

రిటైరయ్యాక ఆవిడ ఓ పని నెత్తికెత్తుకుంది. ఎడంచేతివాటం పిల్లలకోసం చూచిరాత పుస్తకం. మామూలు చూచిరాత పుస్తకాల్లో నమూనా అక్షరం ఎడమ అంచున ఉంటుంది. ఎడంచేత్తో రాసే పిల్ల చెయ్యి సరిగ్గా దానిమీదే పడుతుంది. చూడాల్సిన అక్షరం తన చేతికిందే ఉంటే ఏం చూసి రాస్తుంది? అందుకని హైమ నమూనాలు కుడి అంచున పెట్టింది. ఇంకో పట్టుదల కూడా ఉంది ఆవిడకి. ఆ నమూనా అక్షరాలు ఎడంచేత్తోనే రాసి ఉండాలి, రాసింది రాసినట్టు అచ్చుపడాలి. “ఈ చేత్తో కూడా ఇంత బాగా వస్తుందని పిల్లకి తెలియాలి కదండీ,” అంది విజయవాడలో పుస్తకాలు వేసే రంగనాయకులు గారితో. ఆయన సరేనన్నారు. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి పుస్తకం రావాలన్నారు.

ఇద్దరం పొద్దున్నే కాఫీ అయ్యాక కూర్చునేవాళ్లం. అచ్చులు అయ్యాయి, హల్లులు అయ్యాయి, గుణింతాల్లో సగం అయ్యాయి. అప్పుడొచ్చింది చిన్న ఇబ్బంది. నా మరల దగ్గర సిరా కొంచెం కారుతోంది. ఇన్నేళ్ల వాడకం, మర అరిగి వదులైంది. ‘ఘ’ గుణింతం పేజీమీద చుక్క పడి పేజీ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. మర మీద కాస్త మైనం పూస్తే సరిపోయే రోగం.

సరిగ్గా ఆ వారమే దిగాడు శశిభూషణ్. హైమ చెల్లెలి కొడుకు. నలభై ఆరేళ్లుంటాయి. విశాఖపట్నంలో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. మంచివాడే, పెద్దమ్మంటే ప్రాణం పెడతాడు. రెండేళ్లుగా అతనికి పాత కలాల పిచ్చి పట్టింది. అంగళ్లలో, ఇంటర్నెట్టులో పాత పెన్నులు కొని, వీడియోలు చూసి బాగుచేసి, పెన్నుల పిచ్చివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెడుతుంటాడు.

“పెద్దమ్మా, ఇదిచ్చెయ్యి. వారంలో తెచ్చేస్తాను. కొత్తదానిలా మెరిసిపోతుంది చూడు,” అన్నాడు.

“మెరవక్కర్లేదురా. కారకుండా ఉంటే చాలు. ఇంకేం ముట్టుకోకు,” అంది హైమ.

“ముట్టుకోనులే,” అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. ఈ రెండు చెవుల్తోనూ విన్నాననేదాన్ని, ఉంటే.

విశాఖ వెళ్లాక మొదటి పని, నన్ను ముక్కలు ముక్కలుగా విప్పడం. మర బిగుసుకుపోతే పట్టకారు పెట్టి తిప్పాడు. నా మెడ దగ్గర సన్నగా బీట పడింది. “అబ్బే, కనబడదులే” అనుకున్నాడు. తర్వాత వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి నన్ను అందులో పడేశాడు. ఎబొనైటుని వేడినీళ్లలో వెయ్యకూడదని ఏ పెన్నుల దుకాణంలో అడిగినా చెబుతారు. ఇతను అడగలేదు, వీడియో చూశాడు. అంతలో ఎవరో ఫోన్ చేశారు. ఆ ఫోన్ పొద్దుపోయేదాకా సాగింది. ఒంట్లో ఉన్న గంధకమంతా పైకి తేలి, గదినిండా కుళ్లు వాసన లేచింది. తీసి చూస్తే నల్లగా ఉండేదాన్ని ఈ చింతపండు రంగులోకి తిరిగాను.

కనీసం అక్కడైనా ఆగాడా? లేదు. కంగారు పడ్డాడు. ఓ తప్పు చేసి కంగారుపడ్డ మనిషి చేతికి చిక్కడం కంటే ఘోరం ఇంకోటి లేదని నాకు అప్పుడే తెలిసింది. రంగు పోగొట్టడానికి గరుకు కాయితం తీసుకుని నన్ను రుద్దడం మొదలెట్టాడు. గరుకుది అయ్యాక సన్నది, సన్నది అయ్యాక ఇంకా సన్నది, ఆపైన కరెంటుతో తిరిగే మెరుగుచక్రం. నేను మెరిశానే గానీ ఆ రంగు పోలేదు. మెరిసి ఏం లాభం? ఆచారి గారు చెక్కిన పేరు పొడి పొడిగా రాలిపోయి బల్లమీద పడింది. అతను ఆ పొడిని ఊదేశాడు.

ఇదంతా నేను సహించాను. రంగు పోతే పోయింది, పేరు పోతే పోయింది, పాళీ ఉంది కదా అనుకున్నాను. అప్పుడు భూతద్దం పెట్టుకుని నా పాళీని చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా?

“అరెరె. ఎవడో చేతకానివాడు పాళీని పాడుచేశాడు. ఒక పక్కంతా అరగదీసేశాడు.”

చేతకానివాడట. వీరభద్రాచారి గారు చేతకానివాడట! అన్నం చల్లారబెట్టుకుని, ఓ చిన్నపిల్ల మణికట్టు వంపు చూసి, రాయి మీద వెంట్రుకవాసి అరగదీసిన మనిషి చేతకానివాడు. వేడినీళ్లలో కలాన్ని వేసి ఫోన్‌లో కబుర్లు చెప్పుకున్నవాడు మాత్రం చేతనైనవాడు. ఆ క్షణాన నాకు గనక కాళ్లుంటే గోదావరిలో దూకేదాన్ని.

సానరాయి తెచ్చాడు. వంకరంతా పోయేదాకా రెండో పక్క కూడా అరగదీశాడు. నా కొసన ఉన్న గట్టి చుక్కలో మిగిలింది ఆవగింజలో సగం కూడా లేదు. పెరిగింది కొయ్యొచ్చుగానీ, అరిగింది తెచ్చి అతికించలేరు కదండీ. అంతా అయ్యాక కుడిచేత్తో పట్టుకుని కాయితం మీద గీశాడు. నున్నగా సాగిపోయింది. “ఆహా” అన్నాడు. విప్పకముందు తీసిన ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఒకాయన “మీ చేతుల్లో మహత్యం ఉంది సార్” అని రాశాడు.

ఇంకో సంగతి. ఇన్ని చేశాడు కదా, మరల దగ్గర కారడం ఆపలేదు. ఆ పని మర్చిపోయాడు.

కాకినాడలో, శశి తెచ్చిచ్చిన అట్టపెట్టెని హైమ తెరిచింది. నన్ను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. బొటనవేలితో పేరున్న చోట తడిమింది. మళ్లీ తడిమింది. సిరా పోసింది, తెల్లకాయితం తీసుకుంది, ‘ఘా’ రాయబోయింది. నేను గుచ్చుకున్నాను. ఆవిడ చేతిలో నేను గుచ్చుకోవడం అదే మొదటిసారి. సిరా చిమ్మింది, కాయితం చిరిగింది. ఆవిడ పట్టు మార్చింది, కాయితం తిప్పింది, మళ్లీ రాసింది. అక్షరానికి నడుము విరిగినట్టయింది. నాకు ఏడుపొచ్చింది, వచ్చిన ఏడుపు మర దగ్గర్నుంచి కారి ఆవిడ వేళ్లకి అంటింది.

శశి పక్కనే నిలబడి చూస్తున్నాడు. మొహంలో నవ్వు ఇంకా పోలేదు.

“అలా కాదు పెద్దమ్మా,” అన్నాడు. “కుడిచేత్తో రాసి చూడు.”

హైమ నన్ను బల్లమీద పెట్టింది. ఆవిడకి కోపం రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను. అరవదు. గొంతు ఇంకా తగ్గిపోతుంది.

“ఆ మాట నాతో చెప్పినవాళ్లంతా పైవాళ్లేరా. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చెప్పలేదు,” అంది.

అప్పుడు వెలిగింది అతనికి. నన్ను చూశాడు, ఆవిడ ఎడంచెయ్యి చూశాడు.

“ఆ వంకర ఎడంచేతికోసమా? నాకు తట్టలేదు పెద్దమ్మా. నిజంగా తట్టలేదు.”

“నీకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? నువ్వు బలపం పట్టింది ఏ చేత్తోరా?”

“కుడిచేత్తోనే.”

“కాదు. ఎడంచేత్తో. ఏడాదిన్నర అలాగే రాశావు. మీ నాన్న తువ్వాలు పెట్టి ఆ చేతిని కుర్చీకి కట్టేవాడు. నువ్వు ఏడుస్తూ కుడిచేత్తో రాసేవాడివి. నేనొచ్చి కట్టు విప్పితే, నీ కొడుకైతే విప్పుకో అన్నాడు నన్ను. ఆ తర్వాత మీ ఇంటికి రావడం తగ్గించేశాను.”

“నాకేం గుర్తులేదు పెద్దమ్మా,” అన్నాడు శశి. బస్సుకి టైమైందని బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకా చాలా టైముంది బస్సుకి.

నాకు జాలి కలిగిందా అంటే, లేదు. కట్టింది వాళ్ల నాన్నయితే అరగదీయాల్సింది నన్నా? ఈ మనుషులకి ఇదో రోగం. తమకి జరిగింది మర్చిపోతారు, మర్చిపోయి అదే పని ఇంకోళ్లకి చేస్తారు. చేస్తూ, బాగుచేస్తున్నామనుకుంటారు.

ఇక పుస్తకం సంగతి. హైమ ఇంట్లో ఉన్న పెన్నులన్నీ పట్టి చూసింది. బాల్‌పెన్నుతో రాస్తే ఒంపు రాలేదు. కొత్తగా కొన్న ఇంకుపెన్నులు గుచ్చుకున్నాయి. శశి విశాఖ నుంచి ఖరీదైన పరదేశపు కలం ఒకటి పంపించాడు, అదీ అంతే. మే నెల సగమైపోయింది. రంగనాయకులు గారు ఫోన్ చేశారు.

“మేడమ్, సగం మీ రాత ఉంది కదా. మిగతా సగం కంప్యూటర్లో కానిచ్చేద్దామండి. మంచి ఫాంట్లున్నాయి. చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది?”

“ఆ ఫాంటు ఏ చేత్తో రాసిందో చెప్పండి, ఒప్పుకుంటాను,” అంది హైమ.

“ఫాంటుకి చెయ్యేంటండీ?”

“అదేనండి నేను చెప్పేదీనూ. చెయ్యి లేకపోతే ఈ పుస్తకం ఎందుకు?”

ఆయన పది రోజులు గడువిచ్చారు. ఈలోగా రాకపోతే మామూలు చూచిరాత పుస్తకమే మళ్లీ వేసుకుంటానన్నారు. హైమ ఆ సాయంత్రం తను రాసిన పాత పేజీలన్నీ నేలమీద పరుచుకుని మధ్యలో కూర్చుంది. అన్నీ నావే, మా ఇద్దరివే. నేను బల్లమీంచి చూస్తున్నాను. పుస్తకం ఆగిపోయిందని నాకు ఖాయమైపోయింది. ఆగితే ఆ పాపం శశిది అనుకుని, ఆ కోపంతోనే కాస్త ఊరట పడ్డాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ బజారుకెళ్లి వచ్చింది. సంచీలోంచి ఏం తీసిందో చూడండి. పెన్సిళ్లు. ఎర్రగీతల పెన్సిళ్లు, చిల్లరకొట్లో చాక్లెట్ల సీసాల పక్కన వేలాడేసి ఉంటాయే, అవి.

“పిల్లలు రాసేదీ దీంతోనేగా,” అంది తనలో తను.

మొదటి ‘అ’ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సిరా రాతా పెన్సిల్ రాతా అతకవని నాతో రాసిన సగాన్నీ పక్కన పెట్టేసింది. ఏభై ఏళ్ల పైచిలుకు స్నేహం! ఆవిడ పాత పేజీని ఎదురుగా పెట్టుకుని, తన అక్షరాల్ని తనే చూసి, పెన్సిల్‌తో మళ్లీ రాసుకుంది. చిన్నపిల్లలా నాలుక కొస బయటికి పెట్టి మరీ. వేళ్లు నొప్పెడితే వేడినీళ్ల కాపడం పెట్టుకుని మళ్లీ కూర్చుంది. తోసినా లాగినా పెన్సిల్ గుచ్చుకోదు. దానికి వంకర అక్కర్లేదు. అదంటే నాకు అసహ్యం, అయినా నిజం చెబుతున్నాను, గడువుకి ఒకరోజు ముందే పుస్తకం విజయవాడ చేరింది.

ఆ వారమే నన్నీ గాజుమూత పెట్టెలోకి ఎక్కించారు. ఆవిడ నన్ను పారెయ్యలేదు, పారెయ్యదు కూడా. ఒక్కోరోజు మూత తీసి, పేరున్నచోట బొటనవేలు పెట్టి, మళ్లీ మూసేస్తుంది. మీరేమంటారో గానీ, దానికంటే చెత్తబుట్టే నయమని నాకు చాలాసార్లు అనిపించింది.

జూన్ రెండో వారంలో అచ్చైన పుస్తకాల కట్ట వచ్చింది. అదే ఆదివారం శశిభూషణ్ వచ్చాడు. నెలన్నర తర్వాత రావడం. గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాడు. నా పెట్టెవైపు చూసి తల తిప్పేసుకున్నాడు. తిప్పుకోవాల్సిందే అనుకున్నాను.

“లోపలికి రారా,” అంది హైమ. కాఫీ ఇచ్చింది. కట్ట విప్పి, మొదటి కాపీ తీసి అతని ముందు పెట్టింది. మొదటి పేజీ తెరిచి పెన్సిల్ చేతికిచ్చింది.

“ఎవరికి పెద్దమ్మా ఇది?”

“నీకే. రాయి.”

అతను నవ్వబోయాడు, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. పెన్సిల్ కుడిచేతిలో ఉంది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. మార్చుకుని, ఎవరో వస్తున్నట్టు గుమ్మంవైపు చూశాడు. అక్కడెవరూ లేరు. వాళ్ల నాన్న పోయి పన్నెండేళ్లయింది. అయినా చూశాడు, నలభై ఆరేళ్ల మనిషి.

నా కోపం తగ్గలేదు, తగ్గదు. కానీ అప్పుడు ఆ చెయ్యి పెన్సిల్‌ని ఎలా పట్టుకోవాలో వెతుక్కోవడం నేను చూశాను. నన్ను బాగుచేసిన చెయ్యి అది కాదు. అది వేరే చెయ్యి. దాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ వాడలేదు.

కుడి అంచున ఉన్న ‘అ’ని చూసి, పక్క గడిలో ‘అ’ రాశాడు. చాలా వంకరగా వచ్చింది. శశి సిగ్గుపడి రబ్బరు కోసం చెయ్యి చాపాడు. హైమ అతనికంటే ముందు దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

“రెండోది రాయరా,” అంది.